విజయవాడ నుంచి డాలస్: ఎంత దూరం, ఎన్ని గంటలు? తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఎన్నో. వాళ్లలో చాలామంది చేరేది డాలస్ చుట్టుపక్కలే. అందుకే ఇక్కడ డాలస్‌నే ఉదాహరణగా తీసుకున్నాం. వేరే ఊరికి వెళ్లేవాళ్లకు అంకెలు కొంచెం మారతాయి కానీ లెక్కకట్టే పద్ధతి ఇదే.

విజయవాడ నుంచి డాలస్ ఎంత దూరం?

గన్నవరం విమానాశ్రయం నుంచి డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి అతి దగ్గర దారిలో సుమారు 14,500 కిలోమీటర్లు. మైళ్లలో దాదాపు 9,000. గుంటూరు నుంచి కొలిస్తే ఇంకో పాతిక కిలోమీటర్లు కలుస్తాయి. ఇంత పెద్ద అంకెలో అదో లెక్క కాదు.

అయితే ఇది కాగితం మీది దూరం. ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం లేదు. మధ్యలో ఒకటి రెండు చోట్ల దిగి ఎక్కాలి కాబట్టి నిజంగా గాల్లో తిరిగే దూరం 15,700 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

నెట్‌లో 16 గంటలని ఉంది, మా అబ్బాయి 34 గంటలంటున్నాడు. ఏది నిజం?

రెండూ నిజమే, కొలిచేది వేరు. దూరాలు చెప్పే సైట్లు 14,500 కిలోమీటర్లను గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగించి 16 గంటలని చూపిస్తాయి. ఆ విమానం అసలు లేదన్న సంగతి వాటికి అనవసరం.

మీ అబ్బాయి చెప్పేది ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లకు అది ఇలా తేలుతుంది. విజయవాడలో ఇంటి నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి కారులో 5 గంటలు. అక్కడ 3 గంటలు ముందుండాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్ దాదాపు 4 గంటలు. దుబాయ్‌లో 3 నుంచి 4 గంటల ఎదురుచూపు. దుబాయ్ నుంచి డాలస్ 16 గంటలు, ఒక్కోసారి కాస్త పైనే. దిగాక ఇమిగ్రేషన్, సామాను కలిపి గంటన్నర అనుకోండి. అక్కడి నుంచి డాలస్ శివార్లలోని ఫ్రిస్కోకో ప్లేనోకో కారులో ముప్పావు గంట. మొత్తం 33, 34 గంటలు. అందులో గాల్లో ఉండేది 20 గంటలే. మిగతాదంతా రోడ్డు, క్యూ, కుర్చీలో కూర్చుని బోర్డు వైపు చూడటం. ఎవరైనా తగ్గించుకోవాలంటే తగ్గించుకోగలిగేదీ, లెక్క తప్పితే పెరిగిపోయేదీ ఈ నేల మీది టైమే. అందుకే కింది ప్రశ్నల్లో దానికే ఎక్కువ చోటిచ్చాం.

అతి దగ్గర దారి ఏ దేశాల మీదుగా పోతుంది?

ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ విజయవాడ వాళ్లకు డాలస్‌కి దగ్గర దారి పడమరా కాదు, తూర్పూ కాదు. ఉత్తరం.

విజయవాడ దాదాపు 80.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్ సుమారు 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద. రెండూ కలిపితే 177 పైచిలుకు. 180 అయితే రెండు ఊళ్లూ సరిగ్గా భూగోళానికి ఎదురెదురు వైపులు అయ్యేవి. అలాంటి రెండు చోట్ల మధ్య దగ్గర దారి ధ్రువం మీదుగానే ఉంటుంది. ఇంట్లో గ్లోబు లేకపోతే ఓ బత్తాయి తీసుకుని, తొడిమే ఉత్తర ధ్రువమనుకుని, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా పెన్నుతో రెండు చుక్కలు పెట్టి దారం బిగించి చూడండి. దారం తొడిమ పక్కనుంచే పోతుంది.

మనమున్న చోటి నుంచి ఆ గీత గీస్తే ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్, నేపాల్ పడమటి అంచు, టిబెట్ పడమటి కొస, కజకిస్థాన్ తూర్పు భాగం, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో అవతలికి దిగుతుంది. తర్వాత కెనడాలో విన్నిపెగ్ వైపు నుంచి మిన్నెసోటా, నెబ్రాస్కా, కాన్సాస్, ఓక్లహామా మీదుగా నిలువుగా డాలస్. మ్యాపు కాగితం మీద చూసేవాళ్లకు అట్లాంటిక్ సముద్రం దాటాలనిపిస్తుంది. ఈ గీత అసలు అట్లాంటిక్ ముఖమే చూడదు.

మరి ఆ దారిన ఎందుకు వెళ్లరు?

మొదటి కారణం ప్రయాణికుల సంఖ్య. రోజూ మూడు వందల మందిని విజయవాడ నుంచి నేరుగా ఒకే ఊరికి ఎక్కించగలిగితేనే అలాంటి విమానం గిట్టుబాటు. హైదరాబాద్‌కే అది కష్టమైంది. ఎయిరిండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం వేసి, తర్వాత ఆపేసింది.

రెండోది టిబెట్. ఆ పీఠభూమి సగటు ఎత్తే సుమారు 4,500 మీటర్లు. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు, అంటే 3,000 మీటర్లకు దించాలి. అక్కడ కింద నేలే అంతకంటే ఎత్తు. ప్రత్యేక ఏర్పాట్లు లేకుండా ఆ వైపు పోరు. మూడోది రష్యా. 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీల విమానాలకు రష్యా గగనతలం మూసి ఉంది. మన దేశపు విమానాలకు ఆ అడ్డు లేదు కానీ ఏదైనా తేడా వస్తే దిగాల్సిన చోటు ఆలోచించాలి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. ప్రయాణికులను వేరే విమానం వచ్చి తీసుకెళ్లాల్సి వచ్చింది.

దూరం మాత్రం అడ్డు కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఒక్క బిగిన ఎగిరే విమానం ఇప్పటికే ఉంది.

దుబాయ్, దోహా, లండన్: ఏ దారి దగ్గర?

అందరూ గల్ఫ్ దారి దగ్గర, లండన్ చుట్టు అనుకుంటారు. లెక్క చూస్తే అలా లేదు.

హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి డాలస్ 12,900. మొత్తం 15,450. లండన్ అయితే 7,750, తర్వాత 7,630. మొత్తం 15,400 దరిదాపు. దోహా మీదుగా 15,650. అంటే మూడింటికీ మధ్య తేడా అరగంట ప్రయాణం కూడా కాదు. కాబట్టి దూరం చూసి దారి ఎంచుకోవడంలో అర్థం లేదు. చూడాల్సింది ముక్కలు ఎలా పడ్డాయన్నది. గల్ఫ్ దారిలో ఒక చిన్న ముక్క, ఒక చాంతాడంత ముక్క. లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో రెండూ దాదాపు సమానం, ఒక్కోటి పది గంటలు, పదిన్నర.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, పదహారు గంటలు ఒకే సీట్లో అంటే భయపడేవాళ్లకు యూరప్ దారే నయం అని మా అభిప్రాయం. మధ్యలో ఒళ్లు విరుచుకుని నడవొచ్చు. ఒకసారి నిద్రపడితే లేవని వాళ్లకు, సీటు మారడం గొడవనుకునేవాళ్లకు గల్ఫ్ దారి. హైదరాబాద్‌లో రాత్రివేళ ఎక్కి దుబాయ్‌లో పొద్దున మారే టికెట్ దొరికితే ఇంకో విచిత్రం చూడొచ్చు. పడమరకి పోతున్న కొద్దీ సూర్యుడు కూడా వెంట వస్తాడు. ఎండాకాలంలో అయితే పదహారు గంటలూ పగలే. కిటికీ పైకెత్తితే కళ్లు జిగేల్‌మంటాయి, అందుకే విమానంలో వాళ్లు తెరలు దించమంటారు.

ఒక జాగ్రత్త. యూరప్‌లో విమానం మారేవాళ్లకు చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మామూలుగా ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. కానీ తిరిగొచ్చేసరికి ఆ వీసా గడువు ముగిసిపోయేలా ఉంటే కథ వేరు. టికెట్ కొనకముందే ఆ దేశం నిబంధన చూసుకోండి.

దుబాయ్ విమానం ముందు యూరప్ వైపు ఎందుకు తిరుగుతుంది? దారి తప్పిందా?

లేదు. సీటు ముందు స్క్రీన్‌లో మ్యాపు చూస్తూ చాలామంది పెద్దవాళ్లు కంగారుపడే విషయం ఇది. దుబాయ్ నుంచి డాలస్‌కి దగ్గర దారి కూడా పైకెక్కి దిగేదే. యూరప్ ఉత్తర భాగం, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ దరిదాపులు, కెనడా, అక్కడి నుంచి కిందికి. ఆ రోజు గాలి, యుద్ధం వల్ల మూసిన గగనతలం, ఇలాంటివాటిని బట్టి గీత అటూ ఇటూ జరుగుతుంది.

వెళ్లేటప్పుడు 16 గంటలు, వచ్చేటప్పుడు 14న్నర. ఎందుకు?

గాలి. విమానాలు ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి ప్రవాహాలుంటాయి. వెళ్లేటప్పుడు దానికి ఎదురీదాలి. వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో ఈ గాలులు ఇంకా బలంగా ఉంటాయి కాబట్టి తేడా ఇంకాస్త తెలుస్తుంది.

టైమ్ తేడా ఎంత? ఏ రోజు బయలుదేరితే ఏ రోజు దిగుతారు?

మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. మిగతా నెలల్లో పదకొండున్నర. వాళ్లు గడియారం మార్చుకుంటారు, మనం మార్చుకోం.

ఉదాహరణకి జూన్‌లో ఓ ఆదివారం ఉదయం 10 గంటలకు శంషాబాద్‌లో విమానం లేచింది, మధ్యలో ఆగడంతో కలిపి 24 గంటలు పట్టింది అనుకుందాం. మన గడియారంలో సోమవారం ఉదయం 10. డాలస్‌లో ఇంకా ఆదివారం రాత్రి పదకొండున్నరే. బయలుదేరిన రోజే దిగినట్టు. వచ్చేటప్పుడు ఇది తిరగబడుతుంది. ఆదివారం మధ్యాహ్నం 12కి డాలస్‌లో ఎక్కి 22 గంటలు ప్రయాణిస్తే శంషాబాద్‌లో దిగేసరికి సోమవారం రాత్రి ఎనిమిదిన్నర. పెళ్లికో, ఇంకో శుభకార్యానికో వచ్చేవాళ్లు ఈ పోయే రోజును లెక్కలో వేసుకోకుండా టికెట్ కొని ఆ తర్వాత టెన్షన్ పడుతుంటారు.

శంషాబాద్‌కి కారులో వెళ్లడమా, గన్నవరం నుంచి విమానంలో వెళ్లడమా?

ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. జవాబు మీ టికెట్‌లో ఉంది, మీ కారులో కాదు.

గన్నవరం నుంచి డాలస్ దాకా ఒకే టికెట్ అయితే విమానమే మేలు. సామాను గన్నవరంలో ఇచ్చేస్తే డాలస్‌లో తీసుకోవచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా, తర్వాతి విమానంలో సీటిచ్చే బాధ్యత కంపెనీదే. కౌంటర్‌లో సామాను ఇచ్చాక చేతికొచ్చే ట్యాగ్ కాగితం మీద చివరి ఊరు డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ విమానాశ్రయం కోడ్) అని ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. హైదరాబాద్ వరకే ఉంటే అప్పుడే అడగాలి, ఆ తర్వాత అడిగి లాభం లేదు.

దేశీయ టికెట్ విడిగా కొంటే మాత్రం చిక్కు. అమెరికా టికెట్‌కి మామూలుగా ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు. దేశీయ టికెట్‌కి సాధారణంగా 15 కిలోలే. మిగతా 31 కిలోలకు గన్నవరం కౌంటర్‌లోనే డబ్బు కట్టాలి. ఇద్దరు వెళ్తుంటే ఆ డబ్బుతో శంషాబాద్‌కి కారు వచ్చేస్తుంది. పైగా ఆ చిన్న విమానం ఆలస్యమైతే పెద్ద విమానం మీకోసం ఆగదు. చలికాలం తెల్లవారుజామున పొగమంచు దిగిందంటే గన్నవరం విమానాలు ఆలస్యమవడం మామూలే.

టైమ్ ఆదా అవుతుందని మాత్రం ఆశపడొద్దు. విమానం గంటే కానీ ముందు గన్నవరంలో రెండు గంటలు, తర్వాత శంషాబాద్‌లో నాలుగు గంటలు కూర్చుంటారు. ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే మళ్లీ 33 గంటలకే వస్తుంది. ఆదా అయ్యేది నడుము.

కారులో అయితే ఎన్ని గంటల ముందు బయలుదేరాలి?

విమానం లేచే టైమ్‌కి కనీసం 9 గంటల ముందు. రాత్రి పూట రోడ్డు ఖాళీ అనిపించినా ఇందులో తగ్గించొద్దు.

విజయవాడ వాళ్లు నందిగామ, సూర్యాపేట మీదుగా 65వ నంబర్ జాతీయ రహదారిలో వెళ్లి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నేరుగా శంషాబాద్‌లో దిగాలి. ఎల్బీనగర్ మీదుగా ఊళ్లోకి దూరితే అక్కడే గంట పోతుంది. గుంటూరు వాళ్లు విజయవాడ రానక్కర్లేదు. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి దగ్గర అదే హైవేలో కలవొచ్చు.

రెండు సందర్భాల్లో ఈ లెక్క చాలదు. ఒకటి సంక్రాంతి. పండగకి ముందు హైదరాబాద్ నుంచి మన వైపుకి కార్లు కదలవు, పండగయ్యాక మనవైపు నుంచి హైదరాబాద్‌కి. జనవరి 16 నుంచి 18 మధ్య టికెట్ ఉంటే పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లలో మీదీ ఒకటవుతుంది. వీలైతే ముందు రోజే వెళ్లి శంషాబాద్ దగ్గరే ఎవరింట్లోనో, లాడ్జిలోనో పడుకోండి. రెండోది వానాకాలం. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో మళ్లీ అదే పరిస్థితి. ఖమ్మం వైపు భారీ వర్షాలని వార్తల్లో వినగానే విజయవాడ వాళ్లు కూడా మిర్యాలగూడ దారి సంగతి డ్రైవర్‌తో మాట్లాడి పెట్టుకోవాలి.

విమానం మారేచోట ఎంత గ్యాప్ ఉండాలి?

కుర్రాళ్లకు రెండు గంటలు. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే మూడు నుంచి నాలుగు. ఎనిమిది దాటితే మాత్రం వద్దు, ధర తగ్గినా సరే.

న్యూయార్క్ లాంటి ఇంకో అమెరికా ఊళ్లో మారి డాలస్ వెళ్లే టికెట్ అయితే ఇంకో సంగతి ఉంది. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. పెట్టెలు కూడా అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. ఇంగ్లీషు రాని అమ్మకి ఇది పెద్ద పరీక్ష. నేరుగా డాలస్‌లోనే దిగే టికెట్‌కి కొంచెం ఎక్కువ పెట్టినా తప్పు లేదు.

అమ్మానాన్నా మొదటిసారి వెళ్తున్నారు. పదహారు గంటలు ఎలా కూర్చుంటారు?

కూర్చోకూడదు, అదే అసలు సంగతి. గంటన్నరకోసారి లేచి నడవాలి. ఎక్కువసేపు కదలకుండా ఉంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. నడక దారి పక్క సీటు తీసుకుంటే ఎవరినీ లేపకుండా లేవొచ్చు. బాత్రూమ్‌కి లేవాల్సొస్తుందని మన పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. అది ఇంకా చెడ్డది.

మందులు చేతి సంచిలోనే ఉండాలి, చీటీతో సహా. షుగర్‌కి ఇన్సులిన్ వేసుకునేవాళ్లు పదిన్నర గంటల తేడాలో ఏ డోసు ఎప్పుడు వేసుకోవాలో బయలుదేరే ముందే డాక్టర్‌ని అడిగి రాయించుకోవాలి. శాకాహారం కావాలంటే కనీసం ఒక రోజు ముందే టికెట్‌లో నమోదు చేయించండి. విమానంలో అడిగితే మిగిలింది పెడతారు.

వీల్‌చైర్ అడగడానికి మొహమాటపడేవాళ్లూ ఉన్నారు. నడవడం కష్టమైనవాళ్లకు అది నిజంగా ఉపకారం. గేటు దాకా మనిషే తీసుకెళ్తాడు. దాన్నీ టికెట్ కొన్నప్పుడే చెప్పాలి.

ఆవకాయ, గోంగూర తీసుకెళ్లొచ్చా?

పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు. చేతి సంచిలో పెడితే నూనె ఉందని సెక్యూరిటీ దగ్గర తీసి పారేయిస్తారు. కారం పొడి కూడా పెద్ద పెట్టెలోకే. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అమెరికాలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా అంతే. ఎండుకొబ్బరి త్వరగా అంటుకుంటుందని విమానంలోనే ఒప్పుకోరు. గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలు పొట్లం కట్టొద్దు, అక్కడి చట్టంలో అది మత్తుపదార్థం కిందికి వస్తుంది. తినే వస్తువులేమైనా ఉన్నాయా అని డాలస్‌లో అడిగితే ఉన్నాయని చెప్పడమే మంచిది. లేవని చెప్పి దొరికితే జరిమానా.

రాహుకాలం ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు చూడాలా, విమానం ఎక్కేటప్పుడా?

ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు అనే చాలామంది మాట. విమానం టైమ్ ఎలాగూ మన చేతిలో లేదు. మంచి గడియ తొందరగా అయిపోతుంటే ఒక సంచి ముందే పక్కింట్లో పెట్టించి, తర్వాత తీరిగ్గా కదిలేవాళ్లూ ఉన్నారు. డాలస్‌లో దిగాక మాత్రం అక్కడి సూర్యోదయం లెక్కతో వేసిన పంచాంగమే చూడాలి. మన గోడ క్యాలెండర్ పనికిరాదు.

చేరారో లేదో ఎప్పుడు ఫోన్ చేయాలి?

విమానం దిగిన గంటన్నర దాకా ఆగండి. ఇమిగ్రేషన్ హాల్లో ఫోన్ వాడనివ్వరు, పైగా మన సిమ్ అక్కడ పనిచేయకపోవచ్చు. విమానం నంబర్ నెట్‌లో కొడితే ఎక్కడుందో, దిగిందో లేదో ఫోన్‌లోనే కనిపిస్తుంది. ఆ నంబర్‌నూ, వాళ్లని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల ఫోన్ నంబర్‌నూ బయలుదేరే ముందే రాసి పెట్టుకోండి. ఆ తర్వాత మాట్లాడటానికి మన సాయంత్రం ఏడూ ఎనిమిది మధ్య బాగుంటుంది, ఎండాకాలంలో అక్కడ ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర. అయితే మొదటి వారం మాత్రం జెట్‌లాగ్ వల్ల అమ్మ తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది. ఇక్కడ అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర, భోజనం టైమ్. తనే చేస్తుంది.